లెక్కపెట్టమంటే లెక్కపెట్టాలి, కుర్చీలో ఎవరున్నా సరే

ఎడిటర్ గారికి నమస్కారం,

2025 సెప్టెంబర్‌లో ఉప రాష్ట్రపతి ఎలక్షన్ జరిగినప్పటి నుంచీ రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఉన్నా, ఇప్పటికి కుదిరింది. అప్పుడు మన తెలుగు పేపర్లన్నిట్లో, మీది కూడా కలుపుకునే చెప్తున్నా, ఒకటే గోల. జస్టిస్ సుదర్శన్ రెడ్డి గారు మన తెలుగువాడు కదా, తెలుగు పార్టీలు ఎటు ఓటేస్తాయి, వెయ్యకపోతే మన ఆత్మగౌరవం ఏమైనట్టు, ఇదే చర్చ. చివరికి టీడీపీ, వైసీపీ రెండూ ఒక్కటై సి.పి. రాధాకృష్ణన్ గారికి ఓటేశాయి, బీఆర్ఎస్ వాళ్ళు యూరియా కొరత పేరు చెప్పి అసలు ఓటింగ్‌కే పోలేదు, ఆయన 452 ఈయన 300తో లెక్క తేలిపోయింది. ఓటేసిన 767 మంది ఎంపీల్లో 15 మంది ఓట్లు చెల్లకుండా పోయాయి, చట్టాలు చేసేవాళ్ళకే ఓటెయ్యడం రాకపోతే ఇంక జనాన్ని ఏమంటాం, సరే అది వదిలేయండి.

నా బాధ ఏంటంటే అంత గోలలో ఒక్కరంటే ఒక్కరు కూడా ఆ ఇద్దరు క్యాండిడేట్లని అసలు ప్రశ్న అడగలేదు. అయ్యా మీరు గెలిస్తే రాజ్యసభ ఛైర్మన్ కుర్చీలో కూర్చుంటారు కదా, అక్కడ ఒక మెంబర్ లేచి డివిజన్ కావాలి అంటే ఇస్తారా ఇవ్వరా? ఈ ఒక్క ముక్క. ఎందుకంటే ఉప రాష్ట్రపతి అనే పదవికి విడిగా జీతం కూడా లేదు, ఆ నెలకి నాలుగు లక్షలు, 2018లో పెంచారు, అది రాజ్యసభ ఛైర్మన్‌గా చేసే పనికి ఇచ్చే జీతమే. రాజ్యాంగంలో 64వ ఆర్టికల్ ఇంకో అడుగు ముందుకేసి, రాష్ట్రపతి స్థానం ఖాళీ అయి ఈయన ఆ పని చూస్తున్నన్నాళ్ళు సభ నడపకూడదు, ఆ ఛైర్మన్ జీతమూ తీసుకోకూడదు అంటుంది. అంటే ఆయన అసలు ఉద్యోగం పెద్దల సభ నడపడం, మిగతావన్నీ దాని తర్వాతే. మనం మాత్రం కుర్చీలో కూర్చోబోయే మనిషి కులం, భాష, రాష్ట్రం అన్నీ ఆరా తీసి పని సంగతి వదిలేశాం.

డివిజన్ అంటే ఏంటో టీవీలో సభ చూసేవాళ్ళకి తెలుసు గానీ తెలియనివాళ్ళ కోసం చెప్తా. బిల్లు చివరికొచ్చాక కుర్చీలో ఉన్నాయన ఒప్పుకునేవాళ్ళు ఆయ్ అనండి, వద్దనేవాళ్ళు నో అనండి అంటారు, రెండు వైపులా అరుస్తారు, ఎటు సౌండ్ ఎక్కువుందో ఆయన చెవికి ఎలా వినిపిస్తే అలా ఆయిస్ హావ్ ఇట్ అనేస్తారు. ఇదే మూజువాణి ఓటు. అక్కడ ఎవరైనా ఒప్పుకోం, లెక్కపెట్టండి అంటే అప్పుడు బెల్లు మోగుతుంది, బయట కాఫీ తాగుతున్నవాళ్ళు, కారిడార్లో ఫోన్ మాట్లాడుతున్నవాళ్ళు అందరూ లోపలికి పరిగెత్తుకొస్తారు, లాబీలు ఖాళీ చేయించి తలుపులు వేసేస్తారు, ఎవరి సీట్లో వాళ్ళు కూర్చుని బటన్ నొక్కుతారు, బోర్డు మీద అంకెలు పడతాయి. మొత్తం కలిపి కొన్ని నిమిషాల పని అంతే. రాజ్యసభ రూల్స్ బుక్‌లో 252వ రూల్ ఇదే చెప్తుంది, ఛైర్ చెప్పిన ఫలితాన్ని ఎవరైనా చాలెంజ్ చేస్తే డివిజన్‌కి పోవాలని. ఇందులో ఛైర్ దయదలిచి ఇచ్చేదేం లేదు.

లెక్క పెడితే ఏమొస్తుంది, ఎలాగూ గవర్నమెంట్‌కి మెజారిటీ ఉంది కదా అనేవాళ్ళకి ఒక పాత కథ చెప్తా. 1970 సెప్టెంబర్ 5న మాజీ సంస్థానాధీశులకి ఇచ్చే రాజభరణాలు రద్దు చేసే రాజ్యాంగ సవరణ బిల్లు రాజ్యసభకి వచ్చింది, జి.ఎస్. పాఠక్ గారు అప్పుడు ఛైర్మన్. అనుకూలం 149, వ్యతిరేకం 75. ఓటేసింది 224 మంది, రాజ్యాంగ సవరణకి అందులో మూడింట రెండొంతులు కావాలి, అంటే 149.33 వస్తుంది. ఒక్క ఓటు కూడా కాదండీ, ఓటులో మూడో వంతు తక్కువైంది, బిల్లు పడిపోయింది. ఇందిరాగాంధీ అంతటి ఆవిడ, అంతకు మూడు రోజుల ముందే లోక్‌సభలో గెలిచి వచ్చిన బిల్లు. అదే గట్టిగా అరిచినవాళ్ళ లెక్కన చూస్తే మూడొంతుల్లో రెండొంతులు మంది ఆయ్ అన్నవాళ్ళే కదా, సౌండ్ ఎటు ఎక్కువ ఉంటుంది మీరే చెప్పండి. రాజ్యాంగ సవరణ కాబట్టి లెక్కపెట్టక తప్పలేదు, లెక్కపెట్టారు కాబట్టి నిజం బయటపడింది. తర్వాత వాళ్ళు ఎలక్షన్ గెలిచొచ్చి 1971లో ఇంకో సవరణ తెచ్చి అది చేసుకున్నారు, అది పద్ధతి.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 2014 ఫిబ్రవరి 20. ఆ రోజు రాజ్యసభలో ఏపీ విభజన బిల్లు, కుర్చీలో డిప్యూటీ ఛైర్మన్ పి.జె. కురియన్ గారు, కుర్చీ ముందుండే ఖాళీ జాగా, అదే వెల్, దాని నిండా మెంబర్లు, కాగితాలు గాల్లోకి, ఎవరేం మాట్లాడుతున్నారో పక్కనున్నవాడికే వినపడట్లేదు, ఆ గోలలోనే మూజువాణి ఓటుతో బిల్లు అయిపోయింది. దానికి రెండు రోజుల ముందు లోక్‌సభలోనూ ఇదే తంతు, అక్కడైతే టీవీ ప్రసారం కూడా ఆగిపోయింది. ప్రత్యేక హోదా ఇస్తామని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారు మాటిచ్చింది కూడా ఆ రాజ్యసభలోనే, ఆ రోజే. నేను విభజన మంచిదా చెడ్డదా అనే గొడవలోకి పోను, నా చుట్టాలు రెండు వైపులా ఉన్నారు, ఎవరి బాధలు వాళ్ళవి. కానీ ఒక్కటి ఆలోచించండి, కాంగ్రెస్, బీజేపీ రెండూ బిల్లు వైపే ఉన్నాయి, బటన్ నొక్కించి లెక్కపెట్టినా బిల్లు భేషుగ్గా పాసయ్యేది. గెలిచే మ్యాచ్‌కి స్కోర్ ఎందుకు వెయ్యలేదు అనేదే నాకు ఇన్నేళ్ళైనా అంతుపట్టట్లేదు. వేసుంటే ఇన్ని అనుకూలం ఇన్ని వ్యతిరేకం, ఫలానా ఎంపీ ఇటు, ఫలానా ఎంపీ అటు అని రికార్డులో ఉండేది, ఆంధ్రావాడికి తన ఎంపీని నిలదీయడానికి ఒక కాగితం ఉండేది, తెలంగాణవాడికి మా రాష్ట్రం ఇన్ని ఓట్లతో వచ్చింది అని చెప్పుకోడానికి ఒక అంకె ఉండేది. రెండూ లేవు. అందుకే ఎనిమిదేళ్ళ తర్వాత 2022 ఫిబ్రవరిలో ప్రధాని మోదీ గారు అదే రాజ్యసభలో నిలబడి మైకులు ఆపేశారు, పెప్పర్ స్ప్రే కొట్టారు, చర్చే జరగలేదు అని మళ్ళీ ఆ పుండు కెలికారు, మళ్ళీ తెలంగాణలో ధర్నాలు, దిష్టిబొమ్మలు. ఆయన పార్టీ కూడా ఆ రోజు ఆ బిల్లుకి మద్దతిచ్చిందే కదా, ఆ మాట అడిగినవాళ్ళు తక్కువ.

సరే అది కాంగ్రెస్ టైమ్ అనుకుందాం. 2020 సెప్టెంబర్ 20 ఎవరి టైమ్? సాగు చట్టాల బిల్లులు, కుర్చీలో డిప్యూటీ ఛైర్మన్ హరివంశ్ గారు, కోవిడ్ రోజులు కాబట్టి మెంబర్లని రాజ్యసభలో కొందరిని లోక్‌సభ హాల్లో కొందరిని దూరదూరంగా కూర్చోబెట్టారు. బిల్లులు వివరంగా పరిశీలించడానికి ఎంపీల సెలెక్ట్ కమిటీకి పంపండి, దాని మీద డివిజన్ ఇవ్వండి అని ప్రతిపక్షం అడిగింది. ఈయన సీట్లలో కూర్చుని అడిగితేనే ఇస్తా అన్నారు, మేం సీట్లలో ఉండే అడిగాం అని వాళ్ళు, దాని మీద వీడియోలు, వీడియోలకి నిమిషాలతో సహా జవాబులు. ఒకాయన రూల్ బుక్ పట్టుకుని ఛైర్ దాకా వెళ్ళిపోయాడు, మైకులు విరిగాయి. మూజువాణి ఓటుతో పాస్. మర్నాడు 8 మంది ఎంపీలని సెషన్ మొత్తానికి సస్పెండ్ చేశారు, వాళ్ళు గాంధీ విగ్రహం దగ్గర రాత్రంతా కూర్చుంటే తెల్లారి హరివంశ్ గారు టీ పట్టుకెళ్ళారు, మన ఛానెళ్ళకి ఆ టీ ఫ్లాస్క్ దొరికింది, రోజంతా అదే చూపించారు. ఓట్లు ఎన్ని అనేది ఎవరికీ తెలీదు, ఇప్పటికీ తెలీదు. ఆ చట్టాల కోసం ఢిల్లీ బోర్డర్లలో రైతులు ఏడాది పైన కూర్చున్నారు, 2021 నవంబర్ 29న రద్దు చేసేశారు, విచిత్రం ఏంటంటే ఆ రద్దు బిల్లు కూడా మూజువాణి ఓటే. పుట్టడమూ అరుపుల్లోనే పోవడమూ అరుపుల్లోనే.

ఇక్కడ ఇంకో తమాషా కూడా చెప్పాలి. అదే హరివంశ్ గారు 2018 ఆగస్ట్ 9న మొదటిసారి డిప్యూటీ ఛైర్మన్ అయినప్పుడు శుభ్రంగా లెక్కపెట్టారు, 125 – 105, హరిప్రసాద్ గారి మీద గెలిచారు, ఓడినవాళ్ళతో సహా ఎవరూ నోరెత్తలేదు. రెండోసారి 2020 సెప్టెంబర్ 14న ఎన్నికైంది మాత్రం మూజువాణి ఓటుతో. సాగు బిల్లులకి సరిగ్గా ఆరు రోజుల ముందు.

గోలలో లెక్కపెట్టడం కుదరదండీ, సభ ఆర్డర్‌లో ఉండాలి కదా అంటారు. ఎందుకు కుదరదు? 2010 మార్చిలో మహిళా రిజర్వేషన్ బిల్లు వచ్చినప్పుడు కొందరు మెంబర్లు అప్పటి ఛైర్మన్ అన్సారీ గారి టేబుల్ మీదకే వెళ్ళి కాగితాలు లాగేశారు, మర్నాడు ఏడుగురిని సస్పెండ్ చేసి మార్షల్స్‌తో బయటికి పంపి, అప్పుడు లెక్కపెట్టారు, 186 – 1. ఆ ఒక్కటి కూడా రికార్డులో ఉంది చూడండి. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ బిల్లు చర్చ పన్నెండు గంటలు దాటి అర్ధరాత్రి రెండు కూడా దాటాక ఓటింగ్ పెట్టారు, 128 – 95. రాత్రి రెండింటికి నిద్రకళ్ళతో లెక్కపెట్టగలిగిన సభ ఆదివారం మధ్యాహ్నం లెక్కపెట్టలేకపోయింది అంటే నేనైతే నమ్మను, ఆ సాగు బిల్లుల రోజు ఆదివారమే లెండి.

అలా అని ప్రతిపక్షాలు శుద్ధపూసలు అని కాదు. డివిజన్ కావాలి అని అడుగుతూనే వెల్‌లోకి దూకుతారు, సీట్లో కూర్చోవయ్యా బాబూ ఇస్తాను అంటే కూర్చోరు, కూర్చుంటే నంబర్లు తక్కువ అని బయటపడుతుంది, అది వాళ్ళకీ ఇబ్బందే. అప్పుడప్పుడు గోల ఇద్దరికీ పనికొస్తుందని నా అనుమానం. గవర్నమెంట్‌కి బిల్లు త్వరగా అయిపోతుంది, వీళ్ళకి మా గొంతు నొక్కేశారు అని బయట చెప్పుకోడానికి ఉంటుంది. 2023 డిసెంబర్‌లో రెండు సభలు కలిపి 146 మందిని సస్పెండ్ చేశారు, అందులో రాజ్యసభవాళ్ళు 46 మంది. ఛైర్ పేరు చదువుతారు, మంత్రి గారు తీర్మానం పెడతారు, మూజువాణి, బయటికి. బయట మెట్ల మీద ఒకాయన ఛైర్మన్ ధన్‌ఖడ్ గారిని మిమిక్రీ చేస్తే ఇంకొకాయన ఫోన్లో వీడియో తీశారు, మళ్ళీ పేపర్లకి పండగ. లోపల ఆ ఖాళీ సీట్ల ముందు ఏ బిల్లులు పాసయ్యాయో మీ పేపర్ ఫస్ట్ పేజీలో నాకైతే కనపడలేదు.

అసలు చిక్కు ఎక్కడుందంటే రాజ్యసభ ఛైర్మన్‌ని రాజ్యసభ ఒక్కటే ఎన్నుకోదు. లోక్‌సభ స్పీకర్ ఆ సభ మెంబరే, ఆ సభే ఎన్నుకుంటుంది. ఇక్కడ అలా కాదు, రెండు సభల ఎంపీలూ కలిసి ఓటేస్తారు, లోక్‌సభలో 543 మంది, ఇక్కడ నిండా ఉంటే 245, కాబట్టి లోక్‌సభలో ఎవరి బలం ఉంటే పెద్దల సభ కుర్చీ వాళ్ళ మనిషికే. ఆయన ఈ సభ మెంబర్ కూడా కాదు, మామూలుగా ఓటు లేదు, సమానంగా వచ్చినప్పుడు మాత్రమే ఓటు. దించాలంటే పద్నాలుగు రోజుల నోటీసు, ఇక్కడ ఉన్న మెంబర్లలో మెజారిటీ, పైగా లోక్‌సభ కూడా ఒప్పుకోవాలి. 2024 డిసెంబర్ 10న మొదటిసారి ప్రతిపక్షం ఒక ఛైర్మన్ మీద ఆ నోటీసు ఇచ్చింది, సెషనేమో 20న అయిపోతుంది, పద్నాలుగు రోజులు ఎక్కడినుంచి వస్తాయి. దాన్ని తిరస్కరించింది డిప్యూటీ ఛైర్మన్ హరివంశ్ గారు. 2020లో హరివంశ్ గారి మీద ఇచ్చిన నోటీసుని తిరస్కరించింది అప్పటి ఛైర్మన్ వెంకయ్యనాయుడు గారు, అప్పుడూ పద్నాలుగు రోజుల కారణమే. అంటే అల్లుడి మీద ఫిర్యాదు మామ దగ్గరికి, మామ మీద ఫిర్యాదు అల్లుడి దగ్గరికి. రూల్ ప్రకారం తప్పేం లేదు, కాదనను, కానీ చూసేవాడికి ఎలా ఉంటుంది?

వెంకయ్యనాయుడు గారి పేరొచ్చింది కాబట్టి చెప్తున్నా, ఆయన్ని నేను తిట్టట్లేదు. మెంబర్లు 22 భాషల్లో ఏ భాషలోనైనా మాట్లాడుకునే ఏర్పాటు చేసింది ఆయనే, తెలుగులో మాట్లాడితే చెవిలో తర్జుమా వచ్చేలా. మంత్రులు కాగితాలు పెట్టేటప్పుడు అడుక్కుంటున్నట్టు మాట్లాడే ఆ ఇంగ్లీషువాళ్ళ నాటి అలవాటు మాన్పించింది కూడా ఆయనే. కానీ 2019 జూన్‌లో టీడీపీ ఎంపీలు ఆరుగురిలో నలుగురు మేం బీజేపీలో కలిసిపోయాం అని ఆయన దగ్గరికే కాగితం పట్టుకెళ్ళారు, మర్నాటికల్లా విలీనం అయిపోయింది. ఫిరాయింపు చట్టం కింద తేల్చాల్సింది కుర్చీలో ఉన్నాయనే, మూడింట రెండొంతుల మంది కలిసిపోతే పదవులు పోవు అన్న లెక్క అక్కడ మాత్రం చకచకా జరిగింది. లెక్క రానిదెవరికి చెప్పండి, కావలసినప్పుడు అందరికీ వస్తుంది.

మొదటి ఉప రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ పండితుడి నుంచి ఇప్పటిదాకా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళలో మన తెలుగు మూలాలున్నవాళ్ళు ఆయన, వి.వి. గిరి, వెంకయ్యనాయుడు. కృష్ణకాంత్ గారు తెలుగాయన కాకపోయినా ఏడేళ్ళు మన గవర్నర్. డిప్యూటీల్లో గోడే మురహరి గారున్నారు, 1977లో విజయవాడ నుంచి లోక్‌సభకి వెళ్ళి అక్కడ డిప్యూటీ స్పీకర్ కూడా అయ్యారు. ఇవన్నీ చెప్పుకుని మురిసిపోవడానికి బాగుంటాయి. కానీ డిప్యూటీ ఛైర్మన్ ఎన్నిక అంటే మన పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు. 2025 జులై 21 రాత్రి ధన్‌ఖడ్ గారు ఆరోగ్యం బాలేదని ఉన్నట్టుండి రాజీనామా ఇచ్చేస్తే, సెషన్ మొదటి రోజే అది, మర్నాటి నుంచి ఆగస్ట్ 21 దాకా సభ మొత్తం నడిపింది డిప్యూటీయే. మన రాజ్యాంగంలో తాత్కాలిక ఉప రాష్ట్రపతి అనే ఏర్పాటే లేదు, ఆ కుర్చీ పని మాత్రం డిప్యూటీకి వచ్చేస్తుంది. మామూలు రోజుల్లో కూడా ఛైర్మన్ పొద్దున కాసేపు ఉండి వెళ్తే మధ్యాహ్నం బిల్లుల టైమ్‌లో ఎక్కువగా డిప్యూటీనో, ప్యానెల్‌లో ఉన్న వైస్ ఛైర్మన్లలో ఎవరో ఒకరో కూర్చుంటారు. 2014లో కురియన్, 2020లో హరివంశ్, ఇద్దరూ డిప్యూటీలే కదా, నేను పైన చెప్పిన రెండు గొడవలూ ఛైర్మన్ కుర్చీలో లేనప్పుడు జరిగినవే.

అమెరికా సెనేట్‌కి కూడా మనలాగే ఉపాధ్యక్షుడే అధ్యక్షత, కానీ ఆయన సమానంగా ఓట్లు పడేలా ఉంటే తప్ప రాడు, 2025 జులై 1న వాన్స్ వచ్చి 51 – 50 చేసి వెళ్ళాడు. అక్కడ హాజరైనవాళ్ళలో ఐదో వంతు మంది అడిగితే ఎవరు ఎటు ఓటేశారో పేరుపేరునా రాయాల్సిందే, అది వాళ్ళ రాజ్యాంగంలోనే ఉంది, కుర్చీలో ఉన్నవాడి చెవికి ఎలా వినపడింది అన్న ప్రశ్నే లేదు. మనకీ అలాంటిది పెట్టొచ్చు. వెల్‌లో ఉన్నా బయటున్నా, ఇంతమంది మెంబర్లు సంతకం పెట్టి డివిజన్ అడిగితే బెల్లు కొట్టి తీరాలి, సభ ఆర్డర్‌లో లేకపోతే పావుగంట వాయిదా వేసి వచ్చి కొట్టండి, అంతేగానీ గోల ఉంది కాబట్టి మూజువాణి అనకూడదు. అసలు గోల ఉన్నప్పుడే కదా మూజువాణి ఓటు పనికిరానిది, ఆయ్ ఎవరిదో నో ఎవరిదో ఆ గోలలో ఎవడికి వినపడుతుంది! సి.పి. రాధాకృష్ణన్ గారు తల్చుకుంటే ఈ సంగతి రూల్స్ కమిటీకి పంపొచ్చు, ఆ కమిటీకి ఛైర్మన్ ఆయనే.

మీకు మాత్రం ఒక రిక్వెస్ట్. ఫలానా బిల్లుకి రాజ్యసభ ఆమోదం అని వేసి వదిలేయకండి. ఆ టైమ్‌లో కుర్చీలో ఎవరున్నారు, డివిజన్ ఎవరైనా అడిగారా, అడిగితే ఇచ్చారా, ఇస్తే ఎన్ని – ఎన్ని, మన రెండు రాష్ట్రాల ఎంపీలు ఎటు నొక్కారు, ఎవరు సభలోనే లేరు. ఒక చిన్న బాక్స్ కట్టి వెయ్యండి చాలు, సినిమా కలెక్షన్ల బాక్స్ అంత సైజులో వేసినా సంతోషమే.

ఇట్లు
మీ పాఠకుడు